మిద్దె మీద ఏడాదికో పొర

ఊరు వెళ్ళేటప్పుడు నేను చెప్పి వెళ్ళాల్సిన మనిషి మా పాలవాడొక్కడే. "రేపటినుంచి పాలు వద్దు" అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. "నేల అదరడం ఆగేదాకా" అన్నాను. అతను నవ్వకుండా తలూపి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేనన్నది వేళాకోళం కాదు. ఎనభైల మొదట్లో, ఎండాకాలం చివర, పల్నాడులో నల్లమల అంచున ఉన్న ఊళ్ళు కొన్ని ఉండి ఉండి అదురుతున్నాయని హైదరాబాదులో మా ఆఫీసుకి కబురొచ్చింది. నేల ఎంత అదురుతోంది, ఇంకా గట్టిగా అదిరితే ఏ ఇళ్ళు నిలుస్తాయి, ఏవి కూలతాయి అని చూసి రావడం నా ఉద్యోగం. హిమాలయాలు ఇంకా పెరుగుతున్న కొండలు, వాటి దుడుకు వేరు. మన కొండలు ముసలివి. అయినా ముసలివాళ్ళకి కీళ్ళు పట్టేస్తే కదిలినప్పుడల్లా కటుక్కుమన్నట్టు, ఇవీ అప్పుడప్పుడూ చప్పుడు చేస్తాయి.

ఇలాంటి పనులకి మా ఆఫీసులో నన్నే పంపుతారు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేని మనిషిని పంపడం అందరికీ సుఖం. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. అమ్మా నాన్నా పోయారు, పెళ్ళి కాలేదు. ఆ ప్రయాణం ఎలా గడిచిందో, పల్నాడు చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నరసరావుపేటలో ముంజలు

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. నరసరావుపేట బస్టాండులో దిగేసరికి రోళ్ళ సంగతేమో గాని నా తల పగిలేట్టుంది. చేతిలో చెక్కపెట్టె. అందులో యంత్రం. ఒక డ్రమ్ము గుండ్రంగా తిరుగుతుంది, దానికి కిరసనాయిలు పొగ పట్టించిన నల్లకాగితం చుడతాం, ఒక సూది దానిమీద తెల్లగీత గీస్తూ పోతుంది. నేల కదిలితే గీత వణుకుతుంది. అంతకు మించిన మాయ అందులో లేదు.

"ఏందమ్మా, భజన పార్టీనా?" అంది ముంజలమ్మే ఆమె, పెట్టెని హార్మోనియం అనుకొని.

"కాదు. నేల అదిరితే రాసుకునే మిషను."

"అదిరితే మాకే తెలిసిద్ది గదా. దానికి మిషనెందుకు?"

నేను ధర అడిగాను. ముంజలు రూపాయికి పన్నెండు. నేను పుట్టి పెరిగిన డెల్టాలో ఎనిమిదే ఇస్తారు, అవీ ముదురువి. చెట్టుకింద కూర్చుని తింటుంటే ఆమె విచారణ మొదలెట్టింది.

"ఒక్కదానివే పోతన్నావా? మీ ఆయనో?"

"లేడండి."

"పోయాడా?"

"అసలు రాలేదు."

ఆమె ఇంకో ముంజ తీసి నా ఆకులో వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు. పల్నాటిలో జాలికి కొలత ఒక ముంజ అని నాకు అప్పుడు తెలిసింది.

లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చేది లేదన్నారు. ట్రావెలర్సు బంగళాలో దొరికింది. భోజన హోటల్లో ఆడవాళ్ళకి కర్టెను వెనక ఒక బల్ల. పప్పు, గోంగూర, పచ్చిమిరప పచ్చడి, పెరుగు, అన్నీ కలిపి నాలుగు రూపాయలు, ఎంత తింటే అంత. పచ్చడికి కళ్ళవెంట నీళ్ళు కారాయి. కర్టెను అవతల మగవాళ్ళు పత్తి ధరల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఇవతల నేనూ, ఖాళీ కుర్చీలూ. ఆ నీళ్ళన్నీ పచ్చడివేనని చెప్పలేను.

గురజాల దారిలో

నరసరావుపేట దాటిన కాసేపటికి నేల రంగు మారి, రాయి మొదలవుతుంది. మా వైపు దడి అంటే తాటాకో కంపో. ఇక్కడ దడి కూడా నాపబండలే, పలకల్లా నిలబెట్టి పాతేశారు. గోడ బండ, అరుగు బండ, కప్పు బండ, గొడ్లు నీళ్ళు తాగే తొట్టి బండ. చూస్తున్నంతసేపూ నాకు ముచ్చటేసింది. ఆ వెంటనే ఉద్యోగం గుర్తొచ్చింది. నేల అదిరితే తాటాకు మనిషిని చంపదు.

గురజాల దగ్గర ఒక రాతి క్వారీలో ఆగాను. ఊళ్ళు అదిరేది క్వారీ తూటాలకేనని కొందరు అర్జీ పెట్టారు. అక్కడి మేస్త్రీ నన్ను చూడగానే ఎర్రజెండా చూపించాడు. "మేం మందు పేల్చేది మజ్జాన్నం పూటమ్మా, జెండా ఎత్తి, ఈల ఏసి. అది అదిరింది పొద్దున్నే, మేం ఇంకా చద్ది తింటన్నాం. ఊళ్ళో కుండ పగిలినా మా మీదకే వస్తారు. మీరన్నా నిజం రాయండి." రాస్తానన్నాను. తన చద్దిలో సగం పెట్టాడు. జొన్నరొట్టె, ఉల్లిపాయ.

దారిపొడుగునా ఊళ్ళలో ఆగి అందరినీ అవే ప్రశ్నలు అడిగాను. గిన్నెలు కదిలాయా, నిద్రలో ఉన్నవాళ్ళు లేచారా, వేలాడేవి ఊగాయా. మగవాళ్ళు చెప్పేది పెద్దగా ఉంటుంది, భూమి తలకిందులైందంటారు. ఆడవాళ్ళు చూసింది చూసినట్టు చెబుతారు. ఒకామె అంది, "ఉట్టి ఊగిందమ్మా. పిల్లి దూకిందనుకొని చీపురు తీసుకొని ఎంటబడ్డా. చూస్తే పిల్లి నా కాళ్ళకాడే ఉంది." దాంతో ఆ ఊళ్ళో ఎంత అదిరిందో నాకు తెలిసిపోయింది.

మాచర్ల దాటాక

రైలుపట్టాలు మాచర్లలో అయిపోతాయి. ఆ చివర కాసేపు నిలబడ్డాను. రైలు మళ్ళీ వెనక్కి పోవాల్సిందే తప్ప ముందుకి దారి లేదు. ఊరు మాత్రం సందడిగా ఉంది. మిరప బస్తాలు, ఎరువుల కొట్లు, సాగర్ వెళ్ళే బస్సుల కేకలు. ఇంత సందడిలో నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి లేడు కదా అనుకున్నాను. తర్వాత, హైదరాబాదులో మాత్రం ఎవరున్నారులే అనిపించింది.

అక్కడినుంచి ట్రాక్టరు మీద కొండల వైపు వెళ్ళాను. ఆ ఊరి పేరు రాయను. చేరేసరికి వీధంతా మంచాలే. అరుగుల మీద ఎవరూ లేరు, ఇళ్ళలో ఎవరూ లేరు. జనం వీధి మధ్యలో వంటలు చేసుకొని, వీధి మధ్యలోనే పడుకుంటున్నారు. మంచానికీ మంచానికీ సందులో కోళ్ళు తిరుగుతున్నాయి.

నాకు భోజనం వీరయ్యగారింట్లో కుదిరింది. పెద్దరైతు, పంచాయితీ రాజకీయాల్లో తిరిగే మనిషి. మొదటి కుదుపుకి ఎదటి పార్టీవాళ్ళ గోడే ముందు బీటవారిందని ఆయనకి ఎంత భయంలోనూ కాస్త సంతోషం. ఆయన భార్య చెన్నమ్మ. ఇంటెడు చాకిరీ, ఆపైన పొలం కూలీల వంట. నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ఎండలో నిన్ను ఒంటరిగా పంపిన మారాజు ఎవరమ్మా?" అని మజ్జిగ చేతికిచ్చింది. నాకు ఇల్లూ సంసారం ఏమీ లేవని చెప్పాను.

రాతి కొట్టం

యంత్రానికి మనుషులు పడరు. పక్కన బండి పోయినా, గేదె కాలు విదిల్చినా, సూది వణుకుతుంది. అందుకని ఊరికి దూరంగా, మిరప కల్లం అవతల, గట్టి బండ మీద కట్టిన పాడుబడ్డ కొట్టంలో దాన్ని పెట్టాను. రోజూ వెళ్ళి కాగితం మార్చాలి. పాత కాగితం విప్పి వెలుగులో పెట్టి చూస్తే, నల్లటి దాని మీద సన్నటి గీతలు, ఎక్కడో ఒకచోట నేల వణికిన గుర్తు. అవి కాక, మొదట్లోనూ చివర్లోనూ కోడి కెలికినట్టు చిన్నచిన్న గీతలు. అవి నా అడుగులు. రోజు మొత్తం మీద ఆ కాగితం మీద మనిషి జాడ నాదొక్కటే.

ఎన్నో ఊళ్ళలో ఇదే పని చేశాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇక్కడ మాత్రం ఆ గీతలు చూస్తే ఏడుపొచ్చింది. ఊరంతా భయపడి ఒకరి పక్కన ఒకరు మంచాలేసుకొని పడుకుంటోంది. నాకు అంత భయం పంచుకునే మనిషి కూడా లేదు.

కుదుపులు చిన్నవే. కానీ ఆగట్లేదు, కొంచెం కొంచెం గట్టిపడుతున్నాయి. పెరుగుతాయా, ఆగిపోతాయా అని అడిగితే చెప్పగలిగే శాస్త్రం నా దగ్గర లేదు. ఇళ్ళ సంగతి చెప్పగలను. కాబట్టి ఇళ్ళు చూడటం మొదలుపెట్టాను.

మిద్దె మీద

అక్కడి మిద్దెలు ఎలా కడతారో చెప్పాలి. రాళ్ళని మట్టి అడుసుతో పేర్చిన గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద నాపబండలు, బండల మీద చవుడు మట్టి. చవుడు పరిస్తే వాననీరు కిందికి దిగదు, ఎండ దిగదు. అందుకని ఏటా తొలకరి ముందు బండెడు చవుడు తెచ్చి, పాతదాని మీదే కొత్తది పరిచి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తారు. పాతది తీయరు.

వీరయ్యగారు ఆ ఏటి చవుడు అప్పుడే వేయించారు. మిద్దెక్కి గునపంతో ఒక మూల తవ్వి చూశాను. పొరలు పొరలుగా ఉంది. ఒకటి తెలుపు, ఒకటి బూడిద రంగు, మళ్ళీ తెలుపు. కొండల్లో రాతి పొరలు చదవడం నేర్చుకున్నదాన్ని, మిద్దె మీద చదువుతానని ఎప్పుడూ అనుకోలేదు. అడుగునున్నది వీరయ్యగారి తాత వేసింది, మధ్యది నాన్న వేసింది, పైన ఈయనది. మొత్తం నా మోకాలి దాకా వచ్చింది. ఆ బరువంతా మట్టి అడుసు గోడల మీద ఉంది.

"మీ నేల మిమ్మల్ని చంపదండి. ఈ మిద్దె చంపుతుంది. సగానికి సగం మట్టి దించేయండి" అన్నాను.

వీరయ్యగారు తువ్వాలు దులుపుకున్నారు. "మా తాత కట్టిన మిద్దె మేడమ్ గారూ. ఏటా చవుడు ఏస్తానే ఉన్నాం. ఇంకెంత గట్టిగుండాల?"

"వేసే కొద్దీ బరువే గాని గట్టి కాదు."

"మిద్దె మట్టి దించేది పాడుబెట్టిన ఇంటికమ్మా. మనుషులు పోయి, దీపం పెట్టే దిక్కులేని ఇంటికి. నా ఇంట్లో నా కూతురు పురిటిమంచం మీద ఉంది. మట్టి దించమంటే ఎట్టా దించుతా?"

అప్పుడే నాకు తెలిసింది, ఊరంతా బయటుంటే ఆ ఇంట్లో ఇద్దరు లోపలే ఉన్నారని.

పురిటి గది

పురిటి గదిలోకి మగవాళ్ళు రాకూడదు. నేను ఆడమనిషిని కాబట్టి చెన్నమ్మ గుమ్మం దాకా తీసుకెళ్ళింది. "చూడు గాని దేన్నీ ముట్టుకోమాక. మైల" అంది. ఇంటికి నడిమధ్య గది. పిడికెడు కిటికీ, దానికీ గుడ్డ కట్టారు. కుంపటి, సాంబ్రాణి పొగ, పీడ రాకుండా దిండు కింద కొడవలి. మంచం మీద పద్మ, ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల, తొలి కాన్పు. ఒళ్ళో మగబిడ్డ.

చెన్నమ్మని కూలీలెవరో పిలిస్తే వెళ్ళింది. పద్మ గొంతు తగ్గించి అంది, "అక్కా, అదిరినప్పుడల్లా పైనించి మట్టి రాలిద్ది. ఈడి మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చుంటా. నిద్ర పోయి చానా రోజులైంది."

పైకి చూశాను. దూలం ఏళ్ళ పొగకి నల్లగా నిగనిగలాడుతోంది. గోడలోకి దూరే చోట మాత్రం వేలెడు మేర తెల్లగా, కొత్త కర్రలా ఉంది. ఇన్నాళ్ళూ గోడలోపల ఉన్న భాగం అది. దూలం గోడలోంచి జరుగుతోంది.

బయటికొచ్చి చెన్నమ్మకి చెప్పాను. తల్లినీ బిడ్డనీ ఇప్పుడే బయటికి తేవాలన్నాను.

ఆమె గరిటె కింద పెట్టింది. "నువ్వు పిల్లల్ని కన్నావా అమ్మా?"

"లేదండి."

"అయితే నీకు తెల్దు. మా చెల్లెలు పురిట్లోనే బయటికొచ్చింది. గాలి సోకి సన్నిపాతం తగిలి మూడోనాడు పోయింది. దాని బిడ్డకి నేనే పాలిచ్చా. మట్టి పడిద్దో లేదో నీకూ తెల్దు. గాలి సోకితే ఏమైద్దో నేను చూశా."

నొప్పిగానే అనిపించింది. కానీ ఆమె అన్నది నిజం. నా భయం లెక్కల మీద ఉంది, ఆమె భయం చెల్లెలి శవం మీద ఉంది. ఈ రెండింటి మధ్య ఆ పిల్ల తన బిడ్డ మొహం మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. "గాలి తగలకుండా బయట ఉంచలేమా?" అన్నాను, వాదించడానికి ఓపిక లేక.

చెన్నమ్మ పొయ్యిలో పుల్లలు వెనక్కి లాగింది. తర్వాత లేచి కూలీలని కేకేసింది.

పెరట్లో పందిరి

నేను ఊహించని పని చేసిందామె. పురిటి గదినే బయటికి తెచ్చింది. పెరట్లో నాలుగు గుంజలు పాతించి, పైన తాటాకు, చుట్టూ ఈతచాపలు, వాటి మీద గోనెపట్టాలు, లోపలివైపు దుప్పట్లు కట్టించింది. ఒక్క సందు కూడా లేకుండా తనే చెయ్యిపెట్టి తడిమి చూసింది. కొత్త కుంపటి రాజేసింది. గుమ్మం దగ్గర బూడిదతో గీత గీసింది. మధ్యాహ్నానికి అంతా సిద్ధం.

అప్పుడొచ్చింది చిక్కు. పద్మకి గోడ పట్టుకోకుండా నడిచే ఓపిక లేదు, బిడ్డని ఎవరెత్తుకొస్తారు? మంత్రసాని కుదుపులకి భయపడి కూతురి ఊరు పోయింది. చెన్నమ్మ పొద్దున ఒక్కసారే పద్మ పని చూసి, తలారా స్నానం చేసి పొయ్యి ముట్టిస్తుంది. మళ్ళీ మైలపడితే అంతమందికి వంట లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు పదిమంది చేరారు గాని, ప్రతి ఒక్కరికీ ఒక పొయ్యి, ఒక మొగుడు, చంకలో ఒక పిల్ల. పురిటి మైల ముట్టుకుంటే వాళ్ళందరికీ అంటుతుంది.

చెన్నమ్మ నా వైపు తిరిగింది. "నీకు ఇల్లూ వాకిలీ లేదంటివి గదా. నీ మైల ఎవరికి అంటుద్ది? నువ్వెత్తుకో."

పల్నాడు వచ్చింది మొదలు అందరూ జాలిపడిన సంగతి అది. దాన్ని ఆమె ఒక అర్హతలాగా అనేసింది. కోపం రావాల్సింది, రాలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

పద్మ బిడ్డని నా చేతుల్లో పెట్టింది. మా ఆఫీసులో ఇంతకంటే బరువైన పెట్టెలు మోశాను, దేన్నీ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. వాడి తల నా మోచేతిలో ఇమిడింది. వెచ్చగా ఉన్నాడు, పాల వాసన వేశాడు. పద్మ గోడ పట్టుకొని నా వెనకే నడిచింది. వసారా దాటాం, మెట్లు దిగాం, పెరడు దాటుతున్నాం. వాడు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడనిపించింది. ఆ వయసు పిల్లలకి చూపు ఆనదని తెలుసు. అయినా నన్నే చూశాడు.

పందిరిలో మంచం మీద కూర్చున్నాక బయట గోల వినిపించింది. ఆడవాళ్ళు అరుస్తున్నారు, కుక్కలు మొరుగుతున్నాయి. "ఏమైంది?" అన్నాను.

పద్మ నన్ను వింతగా చూసింది. "అదిరింది గదక్కా. నీకు తెలవలా?"

తెలియలేదు. నేల అదిరితే పసిగట్టడానికి జీతం తీసుకునే మనిషిని, ఊరంతటికీ తెలిసిన కుదుపు నాకు తెలియలేదు.

మిద్దె పడలేదు. వీరయ్యగారు ఇంటి ముందు నిలబడి, "మేడమ్ గారూ, మా తాత మిద్దె నిలబడే ఉంది" అన్నారు. గొంతులో సగం గర్వం, సగం ఎగతాళి. ఇప్పుడు పురిటి గది ఖాళీ కదా, మగవాళ్ళు వెళ్ళచ్చు. లోపలికి వెళ్ళి దూలం చూడమన్నాను.

వెళ్ళారు, వెనకే నేనూ వెళ్ళాను. దూలం మీద తెల్లపట్టీ వేలెడల్లా ఇప్పుడు అరచెయ్యంత అయింది. కొస ఇంకా గోడలో ఎంత మిగిలిందో చీపురుపుల్ల దూర్చి చూసుకున్నారు. కింద ఖాళీ మంచం మీద పిడికెడు మట్టీ, పలక ముక్కొకటీ పడి ఉన్నాయి. బిడ్డ తల పెట్టే చోటే. ఆయన ఆ ముక్కని తీసి తువ్వాల్లో చుట్టుకున్నారు. బయటికొచ్చి పార తీసుకొని మిద్దెక్కారు. మొదటి పారెడు మట్టి పెరట్లో పడింది. ఊళ్ళో మగవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. పాడుబెట్టిన ఇంటికి చేసే పనిని, బిడ్డ పుట్టిన ఇంటికి పెద్దరైతు తన చేత్తో చేస్తున్నాడు. కాసేపటికి ఇంకో మిద్దె మీద ఇంకెవరో పార పట్టుకొని కనిపించారు.

బయల్దేరబోతే

మర్నాడు కొట్టానికి వెళ్ళి కాగితం విప్పాను. నాకు తెలియని ఆ కుదుపు, సూదికి బాగానే తెలిసింది. చూసినవీ, కొలిచినవీ చాలు, ఇక వెనక్కి వెళ్ళి రిపోర్టు రాయాలి. ఈ ఊళ్ళకి ప్రమాదం కొండలోనూ ఉంది, కప్పులోనూ ఉంది, కప్పుది మాత్రం మన చేతిలో పని అని రాయాలనుకున్నాను. యంత్రం సర్దుకొని, ట్రాక్టరు వెళ్తుందంటే చెన్నమ్మకి చెప్పి పోదామని పెట్టె పట్టుకొని పెరట్లోకి వచ్చాను.

ఆమె బాన కింద మంట పెడుతోంది. పక్కన పసుపు ముద్ద, కుంకుడుకాయలు నలగ్గొట్టి ఉన్నాయి.

"వెళ్ళొస్తానండి చెన్నమ్మగారూ."

"యాడికి?" అంది తల తిప్పకుండానే. "రేపు పదకొండోనాడు. పురిటి స్నానం అయితే గాని మైల పోదు. బిడ్డనెత్తుకున్నదానివి, మైలతో ఊరు దాటతావా? ఇయ్యాల్టికి నీళ్ళు పోసుకో. రేపు పద్మతో పాటు నీకూ తలంటుతా."

"నా మైల ఎవరికీ అంటదన్నారుగా" అన్నాను, ఊరికే ఆటపట్టించడానికి.

"అది నిన్నటి మాట" అంది చెన్నమ్మ పుల్లలు లోపలికి తోస్తూ. "ఇప్పుడు మాకంటుద్ది. ఆ పెట్టె కింద పెట్టి కూర్చో."

నేను పెట్టె కింద పెట్టి, పందిరి పక్కన బండ మీద కూర్చున్నాను.